పాత కారు పెట్రోలు తాగదు, మనమే పోస్తాం

మన ఆఫీసుల్లో ఓ విచిత్రమైన జాతి ఉంది. మొహమాటమెందుకు, మనమే. ప్రొడక్షన్లో సర్వరు నెమ్మదించిందంటే లాగ్ ఫైళ్ళు తిరగేస్తాం, ప్రొఫైలర్ పెడతాం, ఏ క్వెరీ ఎన్ని మిల్లీసెకన్లు తింటోందో తేల్చందే నిద్రపోం. కొత్తగా చేరిన కుర్రాడెవడైనా "సర్వరు మార్చేద్దాం సార్" అంటే వాడి వంక జాలిగా చూసి నవ్వుతాం. అదే మనిషి సాయంత్రం పార్కింగులోకి దిగి, తన పదిహేనేళ్ళ ఆల్టోని చూసి ఏమంటాడు? "పాతదైపోయింది గురూ, మైలేజీ రావట్లేదు, మార్చేయాలి."

ఎంతొస్తోంది అని అడగండి. "ఏమో, పన్నెండో పదమూడో..." అంటాడు. ఎలా కొలిచావు అని అడగండి. నీళ్ళు నములుతాడు.

నా గోల అంతా ఇక్కడే. కారు పాతదైనంత మాత్రాన మైలేజీ చచ్చిపోదు. ఇంజను దాని మానాన అది నడుస్తుంటుంది. చెడిపోయేవి దాని చుట్టూ ఉన్న నాలుగైదు చిన్న భాగాలు, మన కుడికాలు. ఈ రెంటినీ వదిలేసి కొందరు అయస్కాంతాలు కొంటారు, కొందరు సీసాల్లో మందులు పోస్తారు, మిగతావాళ్ళు ఏకంగా కొత్త కారే కొంటారు. మూడింట్లోనూ ఎక్కువ ఖర్చయ్యే మూఢనమ్మకం మూడోదే.

ముందు లెక్క చూద్దాం.

నెలకి 800 కిలోమీటర్లు తిరిగే మనిషి అనుకోండి. లీటరు పెట్రోలు 107 రూపాయలు అనుకుందాం (2024 మార్చిలో తగ్గించాక కూడా హైదరాబాదులో ధర అంతకి కాస్త పైనే ఉండేది). పాత కారు లీటరుకి 14 ఇస్తోంది. అంటే నెలకి 57 లీటర్లు, సుమారు 6,100 రూపాయలు. కొత్త కారు 20 ఇస్తుందనుకుందాం. 40 లీటర్లు, 4,280 రూపాయలు. మిగిలేది నెలకి 1,830, ఏడాదికి 22 వేలు. బాగానే ఉంది కదా అంటారా? ఆగండి. ఆరు లక్షల కారుకి లక్ష చేత్తో కట్టి, మిగతా ఐదు లక్షలు 9 శాతం వడ్డీకి ఐదేళ్ళ అప్పు తీసుకుంటే మొదటి ఏడాది వడ్డీయే 41 వేల పైన. ఇన్సూరెన్సు, రోడ్డు టాక్సు, కారు షోరూము గేటు దాటగానే పడిపోయే విలువ, ఇవన్నీ పక్కన పెట్టేసినా సరే, పెట్రోల్లో 22 వేలు మిగుల్చుకోవడానికి బ్యాంకుకి 41 వేలు కడుతున్నామన్నమాట. పొదుపు అంటే ఇదేనేమో!

ఇప్పుడు అదే పాత కారుని 14 నుంచి 17కి తెచ్చారనుకోండి. నెలకి 47 లీటర్లు. పది లీటర్లు మిగిలాయి, వెయ్యి రూపాయల పైమాటే. కొత్త కారు 17 లీటర్లు మిగుల్చుతుంది, మీరు 10 మిగుల్చుకున్నారు. అంటే ఆరు లక్షలు పోసి తెచ్చుకునే ఆదాలో దాదాపు 60 శాతం ఇంట్లో కూర్చునే వచ్చేసింది.

ఇందులో ఇంకో కిటుకుంది. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అనే మన కొలత మనల్నే మోసం చేస్తుంది. 10 ఇచ్చే బండిని 15 చేస్తే వెయ్యి కిలోమీటర్లకి 33 లీటర్లు మిగులుతాయి. 20 ఇచ్చే బండిని ఏకంగా 30 చేసినా మిగిలేది 17 లీటర్లే. చెవికి ఐదు కంటే పది పెద్దగా వినిపిస్తుంది గానీ జేబుకి సగమే. యూరప్ వాళ్ళు వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు అని చెప్పుకునేది ఊరికే కాదు. పాడైన బండిని బాగుచేయడంలోనే అసలు డబ్బుంది, బాగున్నదాన్ని ఇంకా బాగున్నదానితో మార్చడంలో అంత లేదు.

సరే, కొలవడం దగ్గరికొద్దాం. టాంకు నింపండి, పంపు మొదటిసారి టక్కుమని ఆగగానే ఆపేయండి. ట్రిప్ మీటరు సున్నా చేయండి. మళ్ళీ నింపేటప్పుడు అదే బంకు, వీలైతే అదే పంపు, అదే టక్కు. కిలోమీటర్లని లీటర్లతో భాగించండి. ఇది అందరికీ తెలిసిందే. తెలిసినా చేయనిదేమిటంటే, ఒక్క టాంకు లెక్కని నమ్మకుండా ఉండటం. 20 లీటర్లు పోయించే చోట ఒక్క లీటరు అటూ ఇటూ అయితే 5 శాతం తేడా వచ్చేస్తుంది. నాలుగు టాంకుల సగటు తీయాలి. ఇది చేయనివాడు "ఫలానా మందు పోశాక రెండు కిలోమీటర్లు పెరిగింది" అంటే, అది మందు మహిమా, పంపు మహిమా, ఆ వారం సెలవులొచ్చి ట్రాఫిక్ తగ్గిన మహిమా ఎవడికి తెలుసు? ఒక్క టెస్టు రన్ చూసి రిలీజ్ చేస్తామా మనం?

అన్నట్టు, కంపెనీ బ్రోచర్లో అంకెతో పోల్చుకుని ఏడవకండి. ఆ అంకె గదిలో రోలర్ల మీద, 90 కిలోమీటర్లు దాటని ఒక నిర్ణీత పద్ధతిలో, ఏసీ ఆపేసి తీసింది. మీ కారుని పోల్చాల్సింది పోయిన ఏడాది మీ కారుతోనే.

ఇంతకీ పెట్రోలు ఎక్కడికి పోతోంది? కాస్త ఇంటర్మీడియెట్ ఫిజిక్సు గుర్తు చేసుకుందాం. ఎంసెట్ రాసినవాళ్ళమే కదా అందరం.

ఆల్టో, అందులో ఇద్దరు మనుషులు, మొత్తం 870 కిలోలు అనుకోండి. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో దాని గతిశక్తి సుమారు 84 కిలోజౌళ్ళు. లీటరు పెట్రోల్లో 32 మెగాజౌళ్ళున్నా, ఊళ్ళో చక్రాల దాకా చేరేది ఐదో వంతో, నాలుగో వంతో. ఏడు మెగాజౌళ్ళనుకుందాం. భాగిస్తే 12 మిల్లీలీటర్లు. అంటే 50 లో వెళ్తూ సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కి ఆగిన ప్రతిసారీ 12 మిల్లీలీటర్ల పెట్రోలుని బ్రేకు డ్రమ్ముల్లో వేడి చేసి గాల్లో కలిపేస్తున్నాం. ఖరీదు రూపాయి ముప్పై పైసలు. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా అలా ఎన్నిసార్లు తొక్కుతారో మీరే లెక్కపెట్టుకోండి. పోనూ రానూ అరవై అయితే రోజుకి దాదాపు 80 రూపాయలు బ్రేకులకే నైవేద్యం.

దీనికి విరుగుడు అందరూ చెప్పే "నెమ్మదిగా వెళ్ళు" కాదు. ముందుకి చూడు, అంతే. ఎదురుగా 200 మీటర్ల దూరంలో ఎర్రలైటు కనిపిస్తున్నా, ముందు బండికి ముద్దు పెట్టేంత దగ్గర దాకా యాక్సిలరేటరు తొక్కి, అప్పుడు ఠక్కున బ్రేకు వేసే మహానుభావులే మన రోడ్ల నిండా. అదే 50 లో వెళ్తున్న ఈ కారు గేరులో ఉండగా కాలు తీసేసినా చాలా దూరం దొర్లుతుంది. ఆ దూరమంతా ఉచితం. ఎంత ఉచితమంటే, ఎంపీఎఫ్ఐ ఇంజనులో, అంటే 2000 తర్వాత వచ్చిన దాదాపు ప్రతి చిన్న కారులో, గేరులో ఉండి కాలు పూర్తిగా తీసేస్తే ఇంజెక్టర్లు పెట్రోలు పోయడమే ఆపేస్తాయి. ఇంజను వేగం ఐడ్లింగు దగ్గరికి పడేదాకా సున్నా ఖర్చు.

అందుకే న్యూట్రల్ భక్తులని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తిరుమల నుంచి దిగుతూనో, శ్రీశైలం ఘాట్లోనో న్యూట్రల్లో వేసి "చూశావా, చుక్క పెట్రోలు కాలకుండా దిగుతున్నా" అనే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. కార్బురేటర్ రోజుల నాటి అలవాటది. నిజానికి న్యూట్రల్లో ఇంజను తిరగడానికి పెట్రోలు కాలుతూనే ఉంటుంది, రెండో గేరులో వేసి కాలు తీస్తేనే ఆగుతుంది. పైగా న్యూట్రల్లో ఇంజను పట్టు ఉండదు, భారమంతా బ్రేకుల మీదే. ఘాట్లో బ్రేకులు కాగి పట్టు వదిలేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇంకొందరు వీరులు తాళం కూడా ఆపేస్తారు. అప్పుడు రెండు మూడు సార్లు తొక్కేసరికి బ్రేకుకి వాక్యూమ్ సాయం పోతుంది, తాళం బయటికి తీస్తే స్టీరింగు లాకైపోతుంది. పది రూపాయల పెట్రోలు కోసం కుటుంబాన్నంతా పణంగా పెట్టడాన్ని పొదుపు అనరు.

ఇక వేగం. అదే 870 కిలోల కారుకి 80 లో రోడ్డు ఘర్షణా, గాలీ కలిపి సుమారు 300 న్యూటన్ల అడ్డు. 100 లో 410. 120 లో 545. గాలి అడ్డు వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి బేరాల్లేవు. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 దాకా వెళ్ళొచ్చని 2023లో అనుమతించారు. వెళ్ళొచ్చు అంటే వెళ్ళి తీరాలని కాదు కదా! 30 కిలోమీటర్ల దూరానికి 80 లో ఇరవై రెండున్నర నిమిషాలు, 100 లో 18. నాలుగున్నర నిమిషాల కోసం కిలోమీటరుకి మూడో వంతుకి పైగా ఎక్కువ శ్రమ ఆ 796 సీసీల ప్రాణి చేత చేయిస్తున్నాం. ఎక్కువ భారంలో ఇంజను సామర్థ్యం కాస్త మెరుగవుతుంది కనుక పెట్రోలు సరిగ్గా అదే నిష్పత్తిలో పెరగదు గానీ, పెరగడం మాత్రం ఖాయం.

ఏసీ సంగతి. మే నెలలో బెజవాడలో ఏసీ ఆపమని సలహా ఇచ్చేవాడు హితుడు కాదు, శత్రువు. కాకపోతే చిన్న కారుకి ఏసీ ఎందుకంత బరువో తెలుసుకోండి. 60 లో తిన్నగా వెళ్ళడానికి ఈ కారుకి చక్రాల దగ్గర కావాల్సింది మూడున్నర కిలోవాట్లే. అందులో కంప్రెసరు ఒకటి రెండు కిలోవాట్లు అడిగితే అది చిన్న వాటా కాదు. ఎండలో నిలబెట్టిన కారుని తలుపులు తెరిచి ఒక్క నిమిషం వేడి గాలి పోనిచ్చి, అప్పుడు ఏసీ వేయండి. హైవే మీద మాత్రం అద్దాలు దించి గాలిని లోపలికి పిలవడం కంటే ఏసీయే నయం.

ఇప్పుడు అసలు దోషుల జాబితా. మెకానిక్కు అడగడు, మనం చెప్పం.

ఒకటి, థర్మోస్టాట్. మన మెకానిక్కుల్లో చాలామందికి ఇదంటే పడదు. ఇంజను ఒక్కసారి వేడెక్కితే చాలు, "మన ఎండలకి ఇది అనవసరం సార్" అని పీకి పారేస్తారు. అప్పట్నుంచీ రేడియేటరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఇంజను చలికాలం ఉదయం సగం దారి దాకా వేడెక్కదు. ఇంజను చల్లగా ఉందనుకుని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. నేను సెకండ్‌హాండ్‌లో కొన్న కారులోనూ ఇదే కథ. డిసెంబరులో వేడి ముల్లు సగానికి కూడా రాకపోతే అనుమానం వచ్చి విప్పించా. లోపల ఖాళీ. కొన్ని వందల రూపాయల భాగం అది. మీ కారులోనూ పది కిలోమీటర్లు వెళ్ళాక కూడా ముల్లు కిందే ఉంటే అడగండి.

రెండు, ఆక్సిజన్ సెన్సరు. పొగ గొట్టంలో కూర్చుని మిశ్రమం చిక్కగా ఉందో పల్చగా ఉందో కంప్యూటరుకి చెప్పేది ఇదే. ఇది పోతే కంప్యూటరు గుడ్డిగా ఎక్కువ పోస్తుంది. సెన్సరు పూర్తిగా చెడిన కారులో మార్చగానే మైలేజీ 40 శాతం దాకా మెరుగుపడొచ్చని అమెరికా ఇంధన శాఖే చెబుతుంది. డాష్‌బోర్డులో ఇంజను లైటు వెలిగితే దానిమీద నల్ల టేపు అంటించే సంస్కృతి మనది. ఎర్రర్ మెసేజ్ వస్తోందని మానిటర్ ఆపేసినట్టుంది!

మూడు, పట్టేసిన బ్రేకులు. వెనక డ్రమ్ములు బిగుసుకుపోవడం, హాండ్ బ్రేకు కేబులు తుప్పు పట్టి వెనక్కి రాకపోవడం పాత కార్లలో మామూలే. పరీక్ష సులువు. చదునైన చోట, మిగతా చక్రాలకి అడ్డు పెట్టి, ఒక్కో చక్రం జాకీతో లేపి చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరగాలి. ఒక చక్రం మొరాయిస్తుంటే, మీరు రోజంతా బ్రేకు తొక్కుకుంటూ నడుపుతున్నట్టే లెక్క.

నాలుగు, టైర్లలో గాలి. ఇక్కడ అతిశయోక్తులు మానేద్దాం. ప్రతి పీఎస్ఐ తగ్గుదలకీ పోయేది 0.2 శాతమే. పది పీఎస్ఐ తగ్గినా 2 శాతం. కానీ గాలి ఉచితం, పైగా తక్కువ గాలి టైరు హైవే మీద వేడెక్కి పేలొచ్చు. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద అంకె ఉంటుంది, అంతే పెట్టించండి. మైలేజీ కోసం పది ఎక్కువ కొట్టించే తెలివి వద్దు. వానలో పట్టు తప్పుతుంది.

ఐదు, ఎయిర్ ఫిల్టరు. ఇది మారిస్తే మైలేజీ పెరిగిపోతుందని అందరూ చెబుతారు. కార్బురేటర్ కారైతే నిజమే. 2 నుంచి 6 శాతం తేడా ఉండొచ్చు. కానీ ఇంజెక్షన్ కార్ల మీద 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల వాళ్ళు పరీక్షిస్తే, ఫిల్టరు మూసుకుపోయినా మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, పికప్ మాత్రం తగ్గింది. గాలి తగ్గితే కంప్యూటరు పెట్రోలూ తగ్గిస్తుంది కాబట్టి. ఇంజను ఆరోగ్యం కోసం మార్చండి, మైలేజీ మీద ఆశతో కాదు.

వీటికి తోడు అరిగిన స్పార్కు ప్లగ్గులు, జారే క్లచ్చి, ఓనర్స్ మాన్యువల్లో చెప్పినదానికంటే చిక్కటి ఆయిలు. అన్నీ చూపించినా కొత్త కారు ఒక నెల ఈఎంఐ దాటదు చాలాసార్లు.

ఇంత చవకైన మార్గముండగా మనం ఏం కొంటున్నాం? పెట్రోలు పైపుకి కట్టే అయస్కాంతం. పెట్రోలు అణువులని "వరుసలో నిలబెడుతుందట". పెట్రోలుకి అయస్కాంతమంటే లెక్కే లేదు, వరుసలో నిలబడటానికి అదేమన్నా సర్వదర్శనం క్యూనా? అమెరికా పర్యావరణ సంస్థ దశాబ్దాలుగా ఇలాంటి పరికరాలు వందకి పైగా పరీక్షించింది. ఒకటీ అరా తప్ప పనిచేసింది లేదు, ఆ ఒకటీ అరా కూడా నామమాత్రమే. ఇంకొకడు నీళ్ళనుంచి హైడ్రోజన్ తీసి ఇంజనుకి ఇస్తానంటాడు. నీళ్ళని విడగొట్టే కరెంటు ఆల్టర్నేటరు నుంచి, అది తిరిగేది ఇంజను మీద, ఇంజను తాగేది పెట్రోలు. తన జుట్టు తానే పట్టుకుని పైకి లేచే విద్య ఇది. 1996లో తమిళనాడులో ఒకాయన మూలికలతో పెట్రోలు చేస్తానంటే దేశమంతా నోరు తెరుచుకుని చూసింది. మనకి ఆశ ముందు, లెక్క తర్వాత.

సర్వీసు సెంటర్లు తక్కువేం కాదు. నూనె మార్చమని వెళ్తే "ఇంజను డీకార్బనైజింగ్ చేయించండి, మైలేజీ పెరుగుతుంది" అని నాకు మూడు వేల బిల్లు చూపించిన చోటుంది. ఎంత పెరుగుతుంది, కాగితం మీద రాసిస్తారా అంటే సలహాదారుగారు ఫోను వచ్చినట్టు పక్కకి వెళ్ళిపోయారు. ఖరీదైన పెట్రోలు కథ కూడా ఇంతే. 2020 డిసెంబరులో 100 ఆక్టేన్ పెట్రోలు ఢిల్లీలో లీటరు 160 రూపాయలకి వచ్చింది, అప్పటి మామూలు ధరకి దాదాపు రెట్టింపు. ఆక్టేన్ అంటే శక్తి కాదు, ఒత్తిడికి ముందే పేలిపోకుండా తట్టుకునే గుణం. తొమ్మిది చుట్టుపక్కల కంప్రెషన్ ఉన్న ఆల్టోకి అది పనికొచ్చే చోటే లేదు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. పాత కారువాళ్ళ కోపంలో ఒక ముక్క నిజం. లీటరు ఇథనాల్లో శక్తి పెట్రోల్లో మూడింట రెండొంతులే. 20 శాతం కలిపితే శుద్ధ పెట్రోలుతో పోలిస్తే ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది, ఇది కూడికా తీసివేతా. పాత తరహా కార్లకి మైలేజీ 6-7 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికలోనే ఉంది. పాత బళ్ళలో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ కూడా అంది. శక్తి తగ్గించి అదే ధర తీసుకోవడం మీద మన కోపం న్యాయమే. అడగాలి కూడా. కానీ ప్రభుత్వం తీసుకున్న ఆరు శాతం మీద రోజూ గొడవ చేసేవాళ్ళు, తమ కాలు పారబోసే ఇరవై శాతం గురించి నోరెత్తరేం? పట్నం ట్రాఫిక్‌లో దూకుడుగా తొక్కితే 10 నుంచి 40 శాతం దాకా మైలేజీ పోతుందని ఇందాక చెప్పిన అమెరికా ఇంధన శాఖ అంచనా.

"అయితే పాత కారే జీవితాంతం నడపమంటావా?" అంటారు. అనను. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, పిల్లలున్నారు, హైవే ఎక్కువ తిరుగుతాం అంటే తప్పకుండా మార్చండి, ఆ కారణం గట్టిది. అడుగు తుప్పు పట్టిపోతే మార్చండి. నెలకి మూడు వేల కిలోమీటర్లు తిరిగేవాళ్ళ లెక్క వేరు, వాళ్ళకి కొత్తది గిట్టుబాటు కావచ్చు. పక్క క్యూబికల్లో వాడు కొన్నాడని కొనాలనిపిస్తే, అదీ మీ ఇష్టం, మీ డబ్బు. కానీ దానికి పెట్రోలు పొదుపు అని పేరు పెట్టకండి.

దీన్ని ఇంత పొడుగ్గా ఎందుకు రాస్తున్నానంటే, ఈ అబద్ధపు లెక్క మన దగ్గరితో ఆగదు. మన జీతాలకి ఈఎంఐ ఓ లెక్కా? ఊళ్ళో రిటైరైన నాన్నగారు పింఛను డబ్బులతో ఒక పాత 800 నడుపుకుంటుంటారు, గుడికీ, ఆసుపత్రికీ, మనం వచ్చినప్పుడు స్టేషనుకీ. మనం పండక్కి వెళ్ళి "ఏంటి నాన్నా ఈ డొక్కు, పెట్రోలు దండగ, పడేసి కొత్తది తీసుకోండి" అని ఓ మాట విసిరి వచ్చేస్తాం. నెలకి రెండు వందల కిలోమీటర్లు తిరగని ఆ కారుకి పెట్రోలు ఖర్చు పదిహేను వందలు దాటదు. ఆయనేమో కొడుకు ఇంజనీరు, వాడికి తెలియదా అని పొదుపు చేసుకున్న డిపాజిట్టు తీసి షోరూము వాడి చేతిలో పెడతారు. మన నోటి నుంచి వచ్చిన లెక్కలేని మాటకి ఆయన కట్టే ఖరీదది.

ఈసారి వెళ్ళినప్పుడు ఆ మాట అనకండి. ఒక ఆదివారం పూట జాకీ తీసి నాలుగు చక్రాలూ తిప్పి చూడండి, గాలి కొట్టించండి, వేడి ముల్లు ఎంతదాకా వస్తోందో చూడండి, టాంకు నింపి ఒక చిన్న పుస్తకంలో తారీఖు, కిలోమీటర్లు, లీటర్లు రాసిపెట్టి రండి. నాలుగు టాంకులయ్యాక ఫోన్లో అంకె అడగండి. ఆ అంకె చూశాక కూడా కారు మార్చాలనిపిస్తే అప్పుడు మార్చుదాం.